మీ సంఘంలో మిషను ప్రార్థన గుంపును ఎలా నడపాలి

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు సువార్త పని అనగానే మన సంఘాల్లో ముందు లెక్కలోకి వచ్చేవి ఆటో, మైకు సెట్టు, కరపత్రాలు, మధ్యాహ్నం భోజనం. ఆటో ఎక్కేముందు అయ్యగారు (పాస్టరు) రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటే ప్రార్థన అయిపోయినట్టే. ఆరాధన మాట అసలే రాదు. అది ఆదివారం పని, ఇది శనివారం పని అని విడగొట్టుకున్నాం. మడి కరిగెట కొట్టకుండా నారు పట్టుకొని గట్టు మీద నిలబడ్డట్టుంది మన పద్ధతి.

బైబిల్లో అంతియొకయ ఊరి తొలి సంఘంలో జరిగిన వరుస చూడండి. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో ఐదుగురి పేర్లు ఉన్నాయి: బర్నబా, సుమెయోను, లూకియ, మనయేను, సౌలు (తర్వాత పౌలు అనిపించుకున్నవాడు). వాళ్లు మిషను ప్లాను వేయడానికి కూర్చోలేదు. ప్రభువును ఆరాధిస్తూ, ఉపవాసంలో ఉన్నారు. ఆ ఆరాధన మధ్యలోనే పరిశుద్ధాత్మ బర్నబాను, సౌలును పంపమన్నాడు. వాళ్లు మళ్లీ ఉపవాసం చేశారు, ప్రార్థించారు, చేతులుంచి పంపారు. ఆరాధనలో పుట్టిన పని అది. ఎక్కడికి పోయినా కొత్త ఆరాధికులను లేపుతూ పోయింది.

40, 50 కుటుంబాలున్న మామూలు ఊరి సంఘానికి ఈ వరుసను ఎలా తెచ్చుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. డబ్బు పెద్దగా అవసరం లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్, ఐదారుగురు మనుషులు, ఓపిక చాలు.

మొదట ఆదివారం ఆరాధన తలుపు తెరవండి

ప్రార్థన గుంపు కంటే ముందు ఆదివారం కూడికను సరిచేసుకోవాలి. మన ఆదివారం ప్రార్థనలు ఒకసారి జాగ్రత్తగా వినండి. మా పిల్లల పరీక్షలు, మా ఇంటి అప్పులు, మా వాళ్ల ఆరోగ్యం, మా సంఘం బిల్డింగు. ఇవన్నీ అడగాల్సినవే, దేవుడు వినేవే. కానీ ఆ గంటన్నరలో పక్క ఊరి పేరు ఒక్కసారైనా వినబడకపోతే ఆ సంఘానికి పక్క ఊరి మీద మనసు లేనట్టే లెక్క.

అయ్యగారితో మాట్లాడి మూడు చిన్న మార్పులు అడగండి. కానుకల తర్వాత చేసే ప్రార్థనలో ప్రతి వారం ఒక ఊరి పేరు పెట్టి ప్రార్థించడం ఒకటి. నెలకొకసారి 67వ కీర్తన గానీ 96వ కీర్తన గానీ సంఘమంతా కలిసి చదవడం రెండోది. 67వ కీర్తన మన రైతులకు తొందరగా పట్టుబడుతుంది. భూమి ఫలమిచ్చింది, దేవుడు మమ్మల్ని దీవిస్తాడు, భూదిగంతాల వాళ్లంతా ఆయనకు భయపడతారు అని పంట నుంచి నేరుగా లోకం దాకా పోతుంది అది. కోత పండుగ రోజు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, బత్తాయిలు ముందు పెట్టుకొని ఆ కీర్తన చదివించండి, విడమరిచి చెప్పాల్సిన పనే ఉండదు. ఇక మూడోది, బయట పని చేసి వచ్చినవాళ్ల సాక్ష్యానికి మూడు నిమిషాలు కేటాయించడం. మూడే. పదిహేను నిమిషాలు మైకు ఇస్తే అది రెండో ప్రసంగం అవుతుంది.

పాటల గురించి ఒక మాట. బయటి మనిషి మన కూడికలో మొదటిసారి కూర్చున్నప్పుడు ప్రసంగం కంటే ముందు అతని చెవికి అందేది పాట. కీబోర్డు, రిథమ్ ప్యాడ్ సౌండు పెంచి, ఎవరికీ గొంతు కలవని పాట పాడితే ఆ మనిషి చూస్తూ కూర్చుంటాడు. అదే కంజీర, తాళాలతో భజన పద్ధతిలో ఒకరు చెప్పి అందరూ అందుకునే పాటైతే రెండో చరణానికల్లా అతని పెదాలు కదులుతాయి. డప్పు వద్దనే పెద్దలు కొందరున్నారు. వాళ్ల నొప్పి నాకు అర్థమవుతుంది. డప్పు పేరుతో తమ తాత తండ్రులను ఊరు ఎట్లా చూసిందో వాళ్లు మర్చిపోలేదు. వాళ్లను తోసేసి డప్పు తేవద్దు. కూర్చోబెట్టి మాట్లాడండి. ఏ చేతులను ఊరు చిన్నచూపు చూసిందో ఆ చేతులతోనే దేవుణ్ణి స్తుతించడం గొప్ప సాక్ష్యమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. తిరునెల్వేలి నుంచి మన డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు తెలుగు బాణీలను, పల్లె పండుగల పద్ధతులను ఆరాధనలోకి పిలిచారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్ చూడండి. గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక ఆ ఒక్క కట్టడంలో కనిపిస్తాయి. పరాయి చోటికి వచ్చామన్న భావం లేకుండా పల్లె మనిషి దేవుని ముందు నిలబడాలని ఆయన తాపత్రయం.

గుంపును కూర్చండి, చిన్నదిగా ఉంచండి

ఐదుగురు చాలు. అంతియొకయలో పేర్లున్నవాళ్లు ఐదుగురే. మన తెలుగు నేల మీదే ఇంకో ఐదుగురున్నారు. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, తెలుగు విశ్వాసులు ముగ్గురు కలిసి ఒంగోలు పక్కన కొండెక్కి ఆ ప్రాంతం కోసం మోకరించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. వాళ్ల మిషనుకు అప్పుడు మంచి రోజులేమీ కావు. నెల్లూరులో వాళ్లు చేస్తున్న పనిని మూసేద్దామా అని అమెరికాలో చర్చలు నడిచిన కాలం అది. ఒంగోలుకు జాన్ క్లఫ్ మిషనరీగా వచ్చింది 1866లో, అంటే 12 ఏళ్లకు. మన నల్గొండ, పాలమూరు బాప్టిస్టు సంఘాల వేర్లు ఆ పని దాకా పోతాయి.

గుంపులోకి ఎవరిని పిలవాలి? సంఘంలో పదవులున్నవాళ్లను వరసబెట్టి పిలవకండి. రోజూ తెల్లవారుజామున లేచి మంచం పట్టె మీద కూర్చొని ప్రార్థించే అవ్వ ఒకరు మీ సంఘంలో తప్పకుండా ఉంటుంది. ముందు ఆమెను అడగండి. తిరిగే పనిలో ఉన్నవాళ్లలో, అంటే ఆటో నడిపే తమ్ముడు, ఆశా వర్కర్ అక్క, పాల సెంటర్ నడిపే అన్న, వీళ్లలో ఒకరిని పిలవండి. ఏ ఊళ్లో ఏం జరుగుతున్నదో వాళ్లకు తెలిసినంత అయ్యగారికి తెలియదు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలను కనీసం ఇద్దరిని చేర్చండి. నోటు పుస్తకం రాయడం వాళ్ల పని. కడుపులో మాట దాచుకోలేని మనిషిని మాత్రం ఈ గుంపులో పెట్టొద్దు. ఇక్కడ జనం ఇళ్ల సంగతులు వస్తాయి. అవి బజారుకెక్కితే మళ్లీ ఎవరూ మనవి చెప్పరు.

రోజు ఏదైనా ఫరవాలేదు, మారకుండా ఉండాలి. 1784లో ఇంగ్లండులోని నార్తాంప్టన్ ప్రాంతపు బాప్టిస్టు సంఘాలు నెలకొకసారి, మొదటి సోమవారం రాత్రి, సువార్త వ్యాప్తి కోసం కలిసి ప్రార్థించాలని తీర్మానం చేసుకున్నాయి. 8 ఏళ్లకు, 1792లో, విలియం కేరీని మన దేశానికి మిషనరీగా పంపిన సొసైటీ ఆ సంఘాల మధ్య నుంచే పుట్టింది. నెలకొకసారి పెద్ద కూడిక, వారానికొకసారి ఐదుగురి గంట, ఈ రెండూ పెట్టుకుంటే మన పల్లెలకు సరిపోతుంది.

టైము మాత్రం పొలాన్ని చూసి పెట్టాలి. జూన్, జూలైలో పత్తి గింజలు పెట్టే రోజుల్లో, నవంబరులో పత్తి ఏరే రోజుల్లో ఆడవాళ్లు సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి, వంట చేసి, పిల్లలకు పెట్టేసరికి ఎనిమిదిన్నర. ఏడింటికి ప్రార్థన పెట్టి వాళ్లు రాలేదంటే తప్పు వాళ్లది కాదు. సాగర్ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నాట్ల రోజులు వేరు, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల రోజులు వేరు. మీ ఊరి ఆడవాళ్లనే టైము పెట్టమనండి. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు, హైదరాబాదుకు పనికి పోయిన కుటుంబాలను వదిలేయకండి. మనవిని ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్‌గా పంపమనండి, మీ ప్రార్థనను అలాగే వాళ్లకు పంపండి. వాళ్లు సైటు దగ్గర రేకుల షెడ్డులో ఉండి ప్రార్థించే మిషను సభ్యులు. దిక్కులేని వాళ్లుగా చూడొద్దు.

ఊళ్ల పుస్తకం రాయండి

నా దృష్టిలో ఈ పనంతటికీ నడుము ఇదే. ‘ప్రభువా, అన్యజనులను రక్షించుము, తండా ప్రజలను దీవించుము’ అని సంవత్సరమంతా ప్రార్థించవచ్చు. ఆ ప్రార్థన తప్పేమీ కాదు. అయితే అందులో ఒక్క మనిషి ముఖం కూడా ఉండదు. జవాబు వచ్చిందో లేదో కూడా మనకు తెలియదు. తనను పట్టుకున్న సంకెళ్ల మధ్య నుంచి పౌలు కొలొస్సయులకు ఏమని రాశాడు? వాక్యం చెప్పడానికి దేవుడు తలుపు తెరిచేలా మా కోసం ప్రార్థించండి అన్నాడు. ఫలానా తలుపు, ఫలానా పని. అంత సూటిగా అడగాలి.

మీ సంఘానికి ఐదారు కిలోమీటర్ల లోపు ఉన్న ఊళ్లు, ఆవాసాలు, తండాలు, గూడేలు ఒక కాగితం మీద గీయండి. అందులో మూడింటినే ఎంచుకోండి. ఒక్కో దానికి నోటు పుస్తకంలో ఐదారు పేజీలు వదలండి. అందులో ఏం రాయాలో ఒక పేజీ నమూనా చెప్తాను. దేవరకొండ వైపు ఒక తండా అనుకోండి:

‘సుమారు 60 ఇళ్లు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. బస్సు లేదు, రోడ్డు మీదికి రెండు కిలోమీటర్లు నడక. దసరా తర్వాత సగం ఇళ్లకు తాళాలు, పనికి పోతారు. ముసలోళ్లు, చిన్న పిల్లలు మిగులుతారు. బోరు నీళ్లు, పండ్లు గార పట్టినై. ఐదో తరగతి దాటాక ఆడపిల్లల చదువు ఆగుతున్నది. విశ్వాసులు: ఒక కుటుంబం, కోడలి పుట్టింటి వైపు నుంచి. మనవి: అత్తమ్మ మోకాళ్ల నొప్పి, పిల్లవాడికి హాస్టల్ సీటు.’

ఇంత రాస్తే చాలు, ఆ వారం ప్రార్థనకు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. మర్రిగూడ, మునుగోడు వైపు రాస్తే ఫ్లోరైడ్‌తో వంగిపోయిన నడుములు పేజీలోకి వస్తాయి. నారాయణపేట వైపైతే మగ్గం ముందు కూర్చున్న మనిషి వస్తాడు. ఊరి సర్పంచ్, బడి పంతులు, నర్సమ్మ, కరెంటు హెల్పర్ కోసం కూడా పేజీలో చోటు పెట్టండి. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని తిమోతికి పౌలు రాసింది మన గ్రామ పంచాయతీకి కూడా వర్తిస్తుంది.

రాయాలంటే చూడాలి, చూడాలంటే నడవాలి. నెలకొకసారి ఇద్దరిద్దరుగా ఆ ఊళ్లోకి పోండి. పోయినప్పుడు కరపత్రాలు తీసుకుపోవద్దు. చాయ్ హోటల్ దగ్గర కూర్చోండి, పలకరించండి, వినండి, మనసులో ప్రార్థించుకుంటూ నడవండి. గట్టిగా గద్దిస్తూ నడవడం, గుడి ముందు గానీ దర్గా ముందు గానీ నిలబడి చేతులు చాపడం, పొలిమేరలో నూనె పోయడం, ఇవేవీ చేయకండి. అది ఆ ఊరివాళ్ల మనసు గాయపరుస్తుంది. వాళ్ల కోసం ప్రార్థించడానికి వెళ్లి వాళ్లకే శత్రువులుగా కనిపిస్తే ఏం లాభం? అమ్రాబాద్ వైపు నల్లమల లోపలి చెంచు పెంటలకు (చెంచుల ఆవాసాలకు) పోవాలనుకుంటే ముందు అటవీ శాఖ అనుమతి కనుక్కోండి. అది పులుల అభయారణ్యం, ఇష్టం వచ్చినట్టు పోయే చోటు కాదు.

గంట ఎలా గడపాలి

గంట కూడికకు గడియారం పెట్టుకోండి. మొదటి పదిహేను నిమిషాలు స్తుతే. మనవి ఒక్కటీ ఎత్తకూడదు. ఒక పాట, ఒక కీర్తన, తర్వాత ఒక్కొక్కరు ఒక్కో వాక్యంలో దేవుడు ఎలాంటివాడో చెప్పి ఆరాధించడం. ‘నువ్వు అడవిలో హాగరును చూసిన దేవుడివి.’ ‘నువ్వు సమరయ స్త్రీతో బావి దగ్గర మాట్లాడినవాడివి.’ ఇలా. మొదట్లో ఇది కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మన నోళ్లు అడగడానికే అలవాటు పడ్డాయి. మూడు నాలుగు వారాలకు కుదురుకుంటుంది. ఎందుకింత పట్టు పడుతున్నానంటే, మనవులతో మొదలైన కూడికలో మన భయాలే పెద్దవవుతాయి. ఆ ఊళ్లో మనల్ని ఎవరు రానిస్తారు, మన దగ్గర పైసలు ఎక్కడివి అన్న మాటలు వస్తాయి. దేవుని గొప్పతనం నోటితో చెప్పుకున్నాక అదే ఊరు మనకు వేరేగా కనిపిస్తుంది. ఫిలిప్పీ జైలులో వీపు మీద దెబ్బలతో పౌలు, సీలలు అర్ధరాత్రి పాటలు పాడారు. ఖైదీలు వింటున్నారని అక్కడ రాసి ఉంది. వాళ్ల మిషను ఆ రాత్రి ఆగిపోలేదు, పాట రూపంలో నడిచింది.

తర్వాత ఐదు నిమిషాలు ఒక చిన్న వాక్యభాగం, ప్రసంగం లేకుండా. తర్వాత పది నిమిషాలు ఊళ్ల పుస్తకం చదవడం, కొత్త సంగతులు చెప్పుకోవడం. ఇక్కడే కూడిక చేయి దాటిపోయే ప్రమాదం ఉంది, ఒకరు మొదలుపెడితే సగం గంట ముచ్చట్లే అవుతాయి. రాసే పిల్లవాడికే ఆపే అధికారం ఇవ్వండి.

మిగిలిన అరగంట ప్రార్థన. అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థించడం మనకు బాగా అలవాటు. దాన్ని వద్దనను. అయితే ఊళ్ల కోసం ప్రార్థించేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు, నిమిషం మించకుండా, ఒక్క సంగతి కోసమే ప్రార్థిస్తే మిగతావాళ్లు వినగలరు, ఆమెన్ అనగలరు. కొత్తగా వచ్చిన ఆడపిల్ల కూడా ఒక్క వాక్యంతో కలవగలదు. ‘తండ్రీ, ఆ పిల్లవాడికి హాస్టల్ సీటు దొరకాలి, ఆ తల్లి నీ ప్రేమ తెలుసుకోవాలి’ అంటే చాలు, అది పూర్తి ప్రార్థనే. చివర్లో రెండు నిమిషాలు మౌనంగా ఉండండి. అంతియొకయలో ఆత్మ మాట్లాడాడు అంటే వాళ్లు వినడానికి చోటు ఇచ్చారనే కదా.

మైకు సంగతి: ఐదుగురికి మైకు అక్కర్లేదు. నెల కూడికకు పెట్టినా గోడల లోపలికే సరిపెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు నిషేధమని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నాయి. రాత్రంతా ప్రార్థన పెట్టుకుంటే నోటి గొంతుతోనే పాడుకోండి. పొద్దున్నే పనికి పోవాల్సిన పక్కింటాయన నిద్ర చెడగొట్టి అతని రక్షణ కోసం ప్రార్థిస్తున్నామంటే ఎవరు నమ్ముతారు?

ఉపవాసం గురించి

నెలకొక రోజు చాలు. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఏప్రిల్, మే ఎండల్లో కూలి పని చేసేవాళ్లు తిండి మానకూడదు. నీళ్లు అసలు మానకూడదు. వాళ్లు ఆ రోజు టీవీ గానీ ఫోన్ గానీ మానేసి ఆ టైము ప్రార్థనకు ఇవ్వొచ్చు. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని లెక్కలు తీయకండి. మిగిలిన పూట బియ్యాన్ని మిషను డబ్బాలో వేయమనండి.

ఇళ్లలో ప్రార్థించేటప్పుడు

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది. మన పల్లెల్లో యేసయ్య పేరు చాలా ఇళ్లకు మొదట చేరేది జబ్బు మంచం దగ్గర చేసిన ప్రార్థనతోనే. అందుకే అక్కడ మన నడత తేడాగా ఉండకూడదు.

గుమ్మం దగ్గరే ఆగండి. పిలిస్తేనే లోపలికి పోండి. ముందు మనిషిని అడగండి, తర్వాతే ప్రార్థన. ఇలా:

‘పెద్దమ్మా, పాణం ఎట్లున్నది? దవాఖానకు పోయినవా?’

‘పోయిన బిడ్డా. షుగర్ మస్తు పెరిగిందన్నరు. గోలీలు రాసిచ్చిన్రు.’

‘గోలీలు టైముకు వేసుకుంటున్నవా మరి? మేం నీ కోసం యేసయ్య పేరు మీద రెండు నిమిషాలు ప్రార్థన చేయొచ్చా? నీకూ, ఇంట్లోవాళ్లకూ ఇష్టమైతేనే. లేకుంటే మా ఇంటికాడ చేసుకుంటం, ఏమనుకోం.’

ఇంట్లో పెద్దాయన ముఖం చూడండి. ఆయన ముడుచుకుంటే ‘సరే బాపూ, మళ్లొస్తం’ అని లేవండి. ఒప్పుకుంటే చిన్నగా, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో ప్రార్థించండి. మీద చేయి వేయాలంటే అడిగి, ఆడవాళ్ల మీద ఆడవాళ్లే. మందులు ఆపమని ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ చెప్పకండి. జడ్చర్లలో మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వాళ్లు ప్రార్థించే చేతులతోనే ఆసుపత్రి కట్టి నడిపారు. దేవుడు డాక్టరు చేతితో కూడా బాగుచేస్తాడని మన సంఘాల చరిత్రే చెప్తున్నది. ‘నీకు విశ్వాసం లేకనే తగ్గలేదు’ అనే మాట నోట రానీయకండి. ఆ మాటతో కుంగిపోయిన తల్లులు చాలామంది ఉన్నారు. ఫోన్‌లో వీడియో తీయొద్దు. ఆమె జబ్బు మన యూట్యూబ్‌కు సరుకు కాదు.

ప్రార్థనను దేనికీ ఎర చేయకండి. ఈ విషయంలో క్లఫ్ చేసింది నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. 1876-78 ధాత కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పనిని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్లు చాలామంది. కూలి కోసం, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. కరవు పనులు ముగిశాకే ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. తొందరపడకుండా ఆగగలిగాడు, ఎందుకంటే ఆ పని తనది కాదు దేవునిదని అతనికి తెలుసు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణం తన మతాన్ని ఆచరించి ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది, ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులకు లోబడి. 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కులో ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు లేదని తేల్చింది. విశ్వాసం చెప్పడం మన వంతు, నమ్మడం ఎదుటి మనిషి మనస్సాక్షి వంతు. అభ్యంతరం చెప్పేవాళ్లు వస్తే వాదన పెట్టుకోవద్దు, నమస్కారం పెట్టి వెనక్కి రండి. ఆ రాత్రి వాళ్ల పేర్లు కూడా పుస్తకంలోకి ఎక్కించండి, ఫిర్యాదుగా కాదు, ప్రార్థన కోసం.

పంపేటప్పుడు, పంపాక

మత్తయి 9వ అధ్యాయం చివర యేసు, కోతకు పనివాళ్లను పంపమని కోత యజమానిని వేడుకోండి అన్నాడు. పేజీ తిప్పితే 10వ అధ్యాయంలో ఆ విన్న శిష్యులనే పంపాడు. ప్రార్థన గుంపులో కూర్చునేవాళ్లకు ఇది ముందే చెప్పండి. ఏడాది తిరిగేసరికి ఆ ఐదుగురిలో ఒకరికి ఒక ఊరి మీద భారం, అంటే అక్కడికి పోయి పని చేయాలన్న తపన, కలుగుతుంది. ఆ మాట బయటపడగానే ఆటో మాట్లాడకండి. గుంపు, అయ్యగారు, పెద్దలు కలిసి కొన్ని వారాలు ప్రార్థించి చూడండి. అందరికీ సరే అనిపించాకే ఆదివారం ఆరాధనలో సంఘమంతటి ముందు చేతులుంచి పంపండి. పోయేది పక్కనే మూడు కిలోమీటర్ల దూరంలోని తండాకైనా సరే.

చేతులుంచినవాళ్లకు బాధ్యత ఉంటుంది. ప్రతి వారం ఫోన్ చేయాలి. అతని బండికి పెట్రోలు ఎవరు పోయిస్తారు, పిల్లల ఫీజు సంగతేంటి, ఇంట్లో బియ్యం ఉన్నాయా, ఇవి అడగని ప్రార్థన ఖాళీది. మిజోరంలో 1910 నుంచి ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుని పనికి పక్కన తీసి పెడుతున్నారు. ఆ పిడికిళ్లతోనే అక్కడి సంఘాలు ఎన్నో దూరప్రాంతాలకు పనివాళ్లను పంపాయి. మన వంటింట్లో డబ్బా పెట్టడానికి అడ్డేముంది? నల్గొండకు 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు వచ్చి పని మొదలుపెట్టినప్పుడు, వాళ్ల వెనక నిలబడింది అప్పటి రష్యా సామ్రాజ్యంలోని మెన్నోనైట్ పల్లెల సంఘాలు. నల్గొండ ఎక్కడుందో చూడని రైతు కుటుంబాలు పంపిన కానుకలతో ఇక్కడ పని నడిచింది. మనం ఎవరి ప్రార్థనలకో జవాబులం.

జవాబు రానప్పుడు

వస్తుంది అలాంటి కాలం. మూడేళ్లు ప్రార్థించినా ఆ ఊళ్లో ఒక్క తలుపు తెరుచుకోదు. పంపిన తమ్ముడు టెన్షన్‌తో వెనక్కి వస్తాడు. ప్రార్థించిన పెద్దమ్మ చనిపోతుంది. అప్పుడు గుంపును రద్దు చేయకండి, కొత్త పద్ధతుల కోసం పరుగెత్తకండి. ఏడుపు కీర్తనలు చదవండి. కీర్తనల గ్రంథంలో ‘ఎంతకాలం ప్రభువా’ అనే మాట ఎన్నిసార్లు ఉందో వెతికి చదవండి, ఆ మాటతోనే ప్రార్థించండి. అది కూడా ఆరాధనే. చనిపోయిన పెద్దమ్మ ఇంటికి పోయి వాళ్లతో కూర్చోండి, దినాల దాకా నీళ్లు మోయండి, వంట చేయండి. జవాబు రాని ప్రార్థన తర్వాత మన మీద ఆ ఇంటివాళ్లకు నమ్మకం ఉంటుందా ఉండదా అన్నది అక్కడ తేలుతుంది.

జర్మనీలో హెర్న్‌హుట్ అనే చిన్న ఊళ్లో 1727లో 24 మంది మగవాళ్లు, 24 మంది ఆడవాళ్లు గంటలు పంచుకొని రాత్రింబవళ్లు ప్రార్థన మొదలుపెట్టారు. అది వందేళ్లకు పైగా సాగింది. మొదటి ఇద్దరు మిషనరీలు వాళ్లలోంచి కదిలింది 1732లో, అంటే 5 ఏళ్ల తర్వాత. మన గుంపు ఐదేళ్లు నిలబడుతుందా అని మనల్ని మనం అడుక్కోవాలి. నిలబడాలంటే ఏటా కోత పండుగ ముందు వారం ఊళ్ల పుస్తకం మొదటి పేజీ నుంచి చదవండి. జవాబు వచ్చిన మనవి పక్కన తేదీ రాయండి. రాని దాని పక్కన ఏమీ రాయకండి, మళ్లీ ప్రార్థించండి. ఆ జవాబుల్లో రెండు మూడు, ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే, కోత పండుగ ఆరాధనలో చెప్పించండి.

ఎప్పుడో ఒకరోజు ఆ తండాలో నాలుగు కుటుంబాలు కలిసి కూర్చొని పాడుకోవడం మొదలవుతుంది. వెంటనే మన సంఘం పాటల పుస్తకం, మన మైకు, మన ఆర్డరు తీసుకుపోయి వాళ్ల మీద వేయకండి. వాళ్ల భాషలో, వాళ్ల బాణీలో పాడనివ్వండి, పాట కట్టగలిగిన ముసలాయన ఒకరు అక్కడ ఉంటాడు. రెండు మూడు నెలలయ్యాక వాళ్ల చేతికి ఒక కొత్త నోటు పుస్తకం ఇచ్చి, మీరు ప్రార్థించాల్సిన మూడు ఊళ్లు ఏవో మీరే రాసుకోండి అనండి.